గాయపడిన కాపలా కుక్క ఒంట్లో ఏం జరుగుతుంది?



గేదె పొదుగువాపును గురించో, గొర్రెల చిటుకురోగాన్ని గురించో చెప్పవలసిన చోట ఇవాళ కుక్కను గురించి మాట్లాడబోతున్నాను. నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును. కాని వేరుశనగ చేలోకి అడవిపంది దిగిన రాత్రి, మంద దగ్గరకు తోడేలు వచ్చిన రాత్రి మీకన్న ముందు లేచేది ఎవరో మీకు తెలియనిది కాదు. అటువంటి జంతువుకు లారీ తగిలినా, పంది కోర దిగినా మనం చేసే పని ఏమిటి? లేచి నడిస్తే "ఏమీ కాలేదులే" అంటాము. లేవకపోతే "ఇక దాని పని అయిపోయింది" అంటాము. ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలే. అందులోనూ మొదటి మాట ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది.

నేను పశువైద్యుణ్ణి కాను. వ్యవసాయ డిప్లొమా చదివి విస్తరణ ఉద్యోగంలో చేరినవాణ్ణి. అయినా పొద్దున్నే చేలగట్ల మీద తిరిగేవాడికి ఇటువంటివి కంటబడక తప్పదు. కంటబడినవాటికి కారణమేమిటో పశువైద్యశాల డాక్టరుగారిని అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకొన్న సంగతులే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

కుక్క కడుపులో, రెండు మూత్రపిండాల పక్కన, చిన్న చిక్కుడుగింజల వంటి గ్రంథులు రెండు ఉంటాయి. వీటిని అధివృక్క గ్రంథులు అంటారు. మనకూ ఉన్నాయి, ఎద్దుకూ ఉన్నాయి. వీటికి గొట్టమంటూ లేదు. తయారుచేసిన రసాన్ని నేరుగా నెత్తుటిలోకే వదులుతాయి. అట్టి రసాలకే హార్మోనులని పేరు. ఈ గ్రంథిలో లోపలి గుజ్జు వేరు, పైపొర వేరు. గుజ్జులోనుంచి వచ్చేది అడ్రినలిన్, పైపొరలోనుంచి వచ్చేది కార్టిసాల్. దెబ్బ తగిలిన క్షణం నుంచి ఈ రెండింటి పెత్తనమే ఒళ్ళంతా నడుస్తుంది.

ఈ విషయం మొదట తెలిసిందీ కుక్కల పుణ్యాననే. 1894 ప్రాంతంలో ఇంగ్లండులో జార్జి ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ అనే ఇద్దరు ఈ గ్రంథి సారాన్ని కుక్క నెత్తుటినాళంలోకి ఎక్కించి చూశారు. రక్తపు ఒత్తిడి ఒక్కసారిగా పైకి లేచింది. తరువాత 1901లో జపానుకు చెందిన టాకమినే, అమెరికాలో ఉండి, ఆ సారంలోని అసలు పదార్థాన్ని విడదీసి అడ్రినలిన్ అని పేరు పెట్టాడు. ఇవాళ ఆసుపత్రులలో ప్రాణాపాయమప్పుడు వేసే ఇంజక్షనులలో ఇది ఒకటి.

దెబ్బ తగలగానే నరాల ద్వారా మెదడుకు కబురు పోతుంది. మెదడు నుంచి మళ్ళీ నరం ద్వారానే గ్రంథికి ఆజ్ఞ వస్తుంది. రెప్పపాటులో అడ్రినలిన్ నెత్తుటిలో కలుస్తుంది. అది చేసే పనిని మనకు తెలిసిన భాషలో చెబుతాను. చెరువులో నీరు తగ్గినపుడు నీరుకట్టువాడు ఏం చేస్తాడు? చివరి తూములు మూసివేసి, ఉన్న నీటిని నారుమడికి తిప్పుతాడు గదా! అడ్రినలిన్ చేసేదీ అదే. చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు పోయే నాళాలను బిగించి, ఉన్న నెత్తుటిని గుండెకు, మెదడుకు తిప్పుతుంది. గుండెను వేగంగా కొట్టిస్తుంది. ఊపిరితిత్తుల గొట్టాలను వెడల్పు చేస్తుంది. కాలేయంలో దాచిన చక్కెరను నెత్తుటిలోకి దింపుతుంది. కంటిపాప పెద్దదవుతుంది.

కుక్కకు మరొక విశేషం ఉన్నది. దాని ప్లీహము, అంటే మన పల్లెల్లో బల్ల అంటామే, అది ఎర్రకణాలకు మంచి గాదె. అడ్రినలిన్ తగలగానే ప్లీహము పిడికిలి బిగించినట్టు ముడుచుకొని, దాచిన ఎర్రకణాలను నెత్తుటిలోకి వదులుతుంది. అందుచేతనే నెత్తురు చాలా పోయిన కుక్కకు కూడా మొదట రక్తపరీక్షలో లెక్క సరిగానే కనిపించవచ్చును. ఇది తెలిసిన డాక్టరు ఒక్క పరీక్షతో తృప్తి పడడు, కొన్ని గంటల తరువాత మళ్ళీ చేయిస్తాడు.

ఇక్కడ ఒక చిన్న మాట. కడుపు చీలిన కుక్క మొదటి గెంతు గెంతటానికి కండకు శక్తి ఎక్కడిది అని మీకు సందేహం రావచ్చును. కండరాలలో అప్పటికప్పుడు ఖర్చుపెట్టుకొనేందుకు సిద్ధంగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఒకటి ఉన్నది. దానిని 1927లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి కనిపెట్టినవాడు మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ సొమ్ము కొన్ని క్షణాలకే సరి. ఆ తరువాత పరుగు అడ్రినలిన్ దింపిన చక్కెర మీద సాగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పదిహేను కిలోల ఊరకుక్క ఒంట్లో ఉండే నెత్తురు ఇంచుమించు లీటరుంబావు. కిలో బరువుకు 80 నుంచి 90 మిల్లీలీటర్లని లెక్క. అందులో ఒక పెద్ద గ్లాసెడు పోయినా హార్మోనులు పైకి తెలియనివ్వవు. కుక్క నిలబడుతుంది, తోక ఆడిస్తుంది, పిలిస్తే వస్తుంది. మీరు చూస్తున్నది ఆరోగ్యం కాదు, అరువు. అరువు తీరే గడువు కొన్నిసార్లు అరగంట, కొన్నిసార్లు నాలుగైదు గంటలు.

అనంతపురం వైపు ఒక ఊళ్ళో వేరుశనగ పీకే రోజులలో ఒక రైతు కుక్కకు పంది కోర పక్కటెముకల కింద దిగింది. గాయం నోరు చిన్నది. కుక్క అర మైలు పరుగెత్తి ఇంటికి వచ్చి, నీళ్ళు తాగి, ఎప్పటి చోటనే పడుకొన్నది. నేను అటు పోయినపుడు చూపించి డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మంటే, "ఏం కాలేదు సార్, లేసి తిరుగుతాండాది. పొద్దుగూకనీ, చూద్దాం" అన్నాడాయన. ఆయనకు ఆ కుక్క మీద ప్రేమ లేక కాదు, దాని నడక చూసి నమ్మాడు. మధ్యాహ్నానికి దాని పాదాలు చల్లబడినవి. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడినవి. ఆటో తెచ్చేలోపలే పోయింది. గాయంలోనుంచి బయటకు కారిన నెత్తురు దోసెడు కూడా లేదు. అంతా కడుపులోపలే నిలిచింది.

లోపల నిలిచే నెత్తురును గురించి చెప్పాలంటే మళ్ళీ ఒక కుక్కల ప్రయోగమే చెప్పాలి. దెబ్బ తిన్న సైనికులు పెద్దగా నెత్తురు కారకపోయినా చనిపోతున్నారేమని మొదటి ప్రపంచయుద్ధపు రోజులలో వైద్యులు తలలు పట్టుకొన్నారు. నలిగిన కండలోనుంచి ఏదో విషం పుడుతున్నదని కొందరు పెద్దలు నమ్మారు. 1930లో అమెరికాలోని నాష్‌విల్ పట్టణంలో ఆల్‌ఫ్రెడ్ బ్లాలక్ అనే శస్త్రవైద్యుడు కుక్క వెనుకకాలి కండకు దెబ్బ తగిలించి, ఆ కాలిలోకి చేరిన నెత్తురును, రసాన్ని జాగ్రత్తగా తూచాడు. విషం అక్కరలేదు, ఆ కాలిలో ఇంకిపోయినదే ఒత్తిడి పడిపోవడానికి చాలునని తేలింది. కాబట్టి తొడ ఎముక విరిగి, తొడ ఉబ్బి ఉన్న కుక్కకు నేల మీద ఒక్క చుక్క కనపడకపోయినా నెత్తురు పోయినట్టే లెక్క కట్టుకోవలెను.

అడ్రినలిన్ క్షణాలలో పనిచేస్తే, రెండోది నిమిషాలలో మొదలై గంటలు, రోజులు పనిచేస్తుంది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఒక రసాన్ని నెత్తుటిలోకి వదిలితే, అది అధివృక్క గ్రంథి పైపొరను తట్టి కార్టిసాల్‌ను పుట్టిస్తుంది. ఈ కార్టిసాల్ లేకపోతే అడ్రినలిన్ ఎంత అరిచినా నాళాలు వినవు. అందుకని అది కావలసినదే. కాని అది కండను కరిగించి చక్కెర చేస్తుంది. రోగక్రిములతో పోరాడే కణాలలో కొన్నింటిని అణచిపెడుతుంది. ఇన్సులిన్ మాట సాగనివ్వదు. గాయపడిన కుక్కకు రక్తంలో చక్కెర ఎక్కువ కనపడితే అది మధుమేహమని బెంగపడవద్దు, చాలాసార్లు ఇది దాని పనే. పీయూష గ్రంథి వెనుక భాగం నుంచే మరొక రసం వచ్చి మూత్రాన్ని తగ్గించి ఒంట్లో నీటిని నిలుపుతుంది. ఉప్పును పట్టి ఉంచేది ఇంకొకటి.

హాన్స్ సెల్యే అనే వైద్యుడు 1936లో కెనడాలోని మాంట్రియల్ నుంచి ఎలుకల మీద చేసిన పరిశీలన ప్రకటించాడు. చలి కానీ, గాయం కానీ, విషం కానీ, బాధ ఏదైనా ఒళ్ళు చూపే మార్పులు ఒక్కటేనన్నాడు. అధివృక్క గ్రంథులు ఉబ్బటం, కడుపులో పుండ్లు పడటం అందులోవే. గాయపడిన కుక్క నల్లని విరేచనం చేస్తే డాక్టరు కడుపు పుండును కూడా అనుమానించేది ఇందుకే.

రైతుకు అన్నిటికన్న పనికివచ్చే ప్రయోగం మరొకటి ఉన్నది. 1959లో అమెరికాలో రిచర్డ్ ఎగ్డాల్ అనే వైద్యుడు కుక్క కాలిని ఒంటి నుంచి వేరుచేసి, నెత్తుటి నాళాలు, నరం మాత్రం కలిపి ఉంచాడు. ఆ కాలికి గాయం చేస్తే అధివృక్క గ్రంథి పైపొర రసం పెరిగింది. నరం తెంచి చేస్తే పెరగలేదు. నెత్తురు అదే, గాయం అదే, తేడా నరమే. చదవటానికి కష్టంగా ఉండే పని ఇది. అయినా అందులోనుంచి వచ్చిన జ్ఞానాన్ని ఆ జాతికే వాడకపోతే అన్యాయమవుతుంది. నొప్పి అన్నది ఊరికే ఓర్చుకొనే బాధ కాదు. ప్రతి నొప్పీ గ్రంథికి ఒక ఆజ్ఞ. విరిగిన కాలు ఊగిన ప్రతిసారీ, పుండు మీద మంట పెట్టిన ప్రతిసారీ తూములు ఇంకొంచెం బిగుసుకొంటాయి. పేగులూ మూత్రపిండాలూ ఎండిన చివరి భూముల వలె దెబ్బతింటాయి. నొప్పి తగ్గించటం, కుదుపు తగ్గించటం, భయం తగ్గించటం, నెత్తురు ఆపటం, ఈ నాలుగూ వైద్యమే.

అందుకని గాయం మీద కిరసనాయిలు పోయటం, కారం చల్లటం, సున్నం, బ్యాటరీ పొడి కూరటం మానవలెను. పురుగు పడదని పోస్తారు గాని, ఆ మంటతో కుక్కను మరికాస్త కిందికి తోస్తున్నారు. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద అదిమి పట్టుకొని ఉండండి. పది నిమిషాలదాకా ఎత్తి చూడవద్దు. గుడ్డ తడిస్తే దాని మీద ఇంకొకటి వేయండి. తాడుతో కాలు బిగించి కట్టేస్తే కాలే చచ్చిపోవచ్చును. పేగు బయటపడితే లోపలికి నెట్టవద్దు, శుభ్రమైన తడిగుడ్డ కప్పండి. గుచ్చుకొన్న పుల్ల, కమ్మి ఉంటే లాగవద్దు.

ముందుగా మీ చేయి భద్రం. నొప్పిలో ఉన్న కుక్క కన్నబిడ్డ వలె పెంచినవాణ్ణయినా కరుస్తుంది, అది దాని దుర్మార్గం కాదు. పక్కనుంచి, పేరుపెట్టి పిలుస్తూ పోవలెను. తుండుగుడ్డతో మూతి చుట్టూ ఒక ముడి వేసి చెవుల వెనుక కట్టవచ్చును. ఊపిరి ఎగపోస్తున్నా, వాంతి చేసుకొంటున్నా మూతి కట్టకూడదు. కరిస్తే ఆ చోటును సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి పిచ్చికుక్క టీకా సంగతి చూసుకోవలెను. కుక్కను గాయపరచినది మరొక కుక్కో, నక్కో అయితే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

కాళ్ళు పట్టి మోయకండి. దుప్పటి మీదకో, తలుపుచెక్క మీదకో మెల్లగా జరిపి, నలుగురూ అంచులు పట్టి ఎత్తండి. మా ప్రాంతంలో ఒక కురుబ పెద్దాయన మందతో రోడ్డు దాటుతుండగా ఆయన కుక్కను లారీ కొట్టింది. ఆయనకు హార్మోను అన్న మాట తెలియదు. గొంగడి పరిచి దాని మీదకు జరిపాడు. సగం గొంగడి పైన కప్పాడు. విరిగిన కాలి పక్కన రెండు బద్దలు పెట్టి, ఊగకుండా పైకీ కిందికీ గుడ్డ చుట్టాడు. గుంపు చేరిన పిల్లలను కర్ర చూపించి దూరం పంపించి, ఎవరినీ నీళ్ళు చల్లనివ్వకుండా, "ఉండు నాయనా, ఉండు" అంటూ దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆటో వచ్చేదాకా అంతే. పెద్ద చదువు చదివినవాళ్ళు కూడా అంతకన్న బాగా చేయలేరు. మూడు నెలల తరువాత ఆ కుక్క కొంచెం కుంటుతూ మంద వెనుక పోవటం చూశాను.

గొంగడి కప్పమన్నానని నిప్పుసెగ పెట్టవద్దు. వేడి తగిలితే చర్మపు నాళాలు తెరుచుకొని, అడ్రినలిన్ కష్టపడి తిప్పిన నెత్తురు మళ్ళీ చర్మానికి పోతుంది. వేసవిలో అయితే నీడే చాలు. అన్నం పెట్టకూడదు. పేగులకు నెత్తురు లేని వేళ తిన్నది అరగదు, వాంతి అయి ఊపిరిలోకి పోవచ్చును. మత్తు ఇచ్చి కోయవలసి వస్తే అదొక చిక్కు. నోట్లో నీళ్ళు పోయవద్దు, పెదవులు తడిపితే చాలు.

దారిలో చూడవలసినవి చెబుతాను. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటుకు రెండు సెకండ్లలోగా రంగు తిరిగి రావలెను. ఆలస్యమైతే చెడ్డ గుర్తు. నల్లచిగుళ్ళ కుక్కకు కంటి కింది రెప్ప లోపలివైపు రంగు చూడండి. తొడ లోపలివైపు వేళ్ళు ఆనిస్తే నాడి దొరుకుతుంది. పదిహేను సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. మన ఊరకుక్క వంటి దానికి విశ్రాంతిలో 70 నుంచి 120 దాకా ఉంటుంది. భయానికి కూడా పెరుగుతుంది గనుక కాసేపు ఆగి మళ్ళీ చూడండి. కదలకుండా పడుకొన్న తరువాత కూడా 150 దగ్గర నిలిచి ఉంటే నెత్తురు తగ్గిందని అనుమానించండి. ఒక మాట గుర్తుపెట్టుకోండి. మొదటి దశలో కొన్ని కుక్కల చిగుళ్ళు తెల్లబడటానికి బదులు ఇటుక ఎరుపు తిరుగుతాయి. ఎర్రగా ఉన్నాయి గదా, నెత్తురు బాగుందని సంతోషించేవారున్నారు. అది మంచి రంగు కాదు.

ఇక మందులు. ఇంట్లో మనుషులకు వాడే నొప్పి బిళ్ళలు ఒక్కటి కూడా వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. అసలే అక్కడికి నెత్తురు పోని వేళ ఆ దెబ్బ రెండింతలు. పారాసిటమాల్ కూడా మీ అంచనాతో వేసేది కాదు. రాబందులు నశిస్తున్నాయని పశువులకు డైక్లోఫెనాక్ వాడటాన్ని మనదేశంలో 2006లోనే నిషేధించారు, ఎవరైనా సూది వేస్తామంటే వద్దనండి. "స్టెరాయిడ్ సూది వేస్తే లేచి కూర్చుంటుంది" అనే మాట కూడా వింటుంటాను. స్టెరాయిడ్ అంటే కార్టిసాల్ వంటిదే. దెబ్బ తిన్న కుక్క ఒంట్లో అది అప్పటికే నిండుగా ఉన్నది. నెత్తురు పోయి కుంగినదానికి పెద్ద మోతాదు స్టెరాయిడ్ వేయటం ఒకప్పుడు వాడుకలో ఉండేది, దానివల్ల మేలు లేదని ఇప్పుడు వైద్యులు మానుకొన్నారు. డాక్టరు నాళంలోకి ద్రవం ఎక్కించి, ప్రాణవాయువు ఇచ్చి, కుక్కకు తగిన నొప్పి మందు వేస్తాడు. ఆసుపత్రి దూరమైతే 1962కు ఫోను చేసి పశువైద్య వాహనం సంగతి అడగండి.

ఇంటికి తెచ్చిన తరువాత మూడు రోజులు కీలకం. రొమ్ముకు దెబ్బ తగిలినదానికి ఒకటి రెండు రోజుల తరువాత గుండె లయ తప్పవచ్చును. ఉన్నట్టుండి నీరసించినా, తూలినా మళ్ళీ తీసుకుపోవలెను. మూత్రం పోసిందా లేదా చూడండి. హార్మోనుల వల్ల మొదటిరోజు తక్కువే పోస్తుంది. బొత్తిగా పోయకపోతే, లారీ కింద పడిన కుక్కకు మూత్రాశయం పగిలి ఉండవచ్చును.

దానిని వీధిగుమ్మంలో కాక కొట్టంలో, గొడ్లు తొక్కని మూల కట్టండి. పిల్లలు కెలుకుతుంటే, రాత్రంతా లారీలు పోతుంటే, దీపావళి టపాకాయలు పేలుతుంటే భయంతో కార్టిసాల్ దిగదు. అది దిగనంతకాలం పుండు ఆరటం ఆలస్యమవుతుంది. కండ కరిగిపోతుంది గనుక డాక్టరు తినిపించవచ్చునన్న నాటి నుంచి కొద్దికొద్దిగా, రోజుకు నాలుగుసార్లయినా పెట్టండి. ఉత్త సంగటి, గంజి చాలవు. ఉడికించిన గుడ్డు, ఎముక లేని మాంసం కలపండి. ఈగ వాలకుండా గాయాన్ని రోజుకు రెండుసార్లు చూసుకోండి, దుర్వాసన వస్తే, కుక్క అదేపనిగా ఆ చోటు నాకుతుంటే పురుగు పడిందేమో వెతకండి.

మళ్ళీ కాపలాకు ఎప్పుడు పంపాలని అడుగుతారు. విరిగిన ఎముకకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. గాయానికి కుట్లు విప్పిన తరువాత కూడా ఒక వారం ఆపండి. చెయ్యి వేస్తే వెన్ను మీద కండ నిండుగా తగలాలి, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కకు రాకూడదు. అప్పుడు మొదట పగటిపూట, మీ వెంట, చేనిగట్టు దాకా తీసుకుపోయి చూడండి. పంది వచ్చే రాత్రులకు ఇంకొన్నాళ్ళు డప్పు కొట్టుకొనో, మంట వేసుకొనో మీరే కాపలా కాయండి.